డూప్ ఐలయ్య ముఖమిచ్చిన పూట

సినిమాల్లో కింద పడటం కూడా ఒక ఉద్యోగమేనని చాలామందికి తెలియదు. హీరో గుద్దితే గాలిలోకి లేచి పుచ్చకాయల బండి మీద పడేవాడు ఒకడుంటాడు. హీరోయే పడాల్సి వస్తే ఆయన బట్టలు వేసుకుని ఆయన బదులు పడేవాడు ఇంకొకడుంటాడు. ఈ రెండో రకాన్ని డూప్ అంటారు. యూసుఫ్‌గూడలో మా వాటా కింద గదిలో ఉండే ఐలయ్య ముప్పై ఏళ్ళుగా ఈ రెండు పనులూ చేశాడు. ఇప్పుడతనికి యాభై నాలుగు. ఒళ్ళంతా కలిపి ఎన్నిచోట్ల కుట్లు పడ్డాయో అతనికే లెక్క లేదు, అడిగితే చొక్కా ఎత్తి చూపిస్తాడు.

జనగామ పక్క వ్యవసాయం చేసుకునే ఇంటి మనిషి. ఇరవై మూడేళ్ళప్పుడు శ్రీనగర్ కాలనీలో ఒక బిల్డింగు పనికి కూలీగా వచ్చాడు. పక్కింట్లో షూటింగు. రెండో అంతస్తు కర్రల మీద నిలబడి నోరు తెరుచుకుని చూస్తూ జారి ఇసక కుప్ప మీద పడ్డాడు. లేచాడు, లుంగీ దులుపుకున్నాడు, మళ్ళీ కర్రలెక్కి చూడటం మొదలుపెట్టాడు. అక్కడ టీ తాగుతున్న ఫైట్ మాస్టరు "మళ్ళా పడ్తవా?" అని అరిచాడట. "ఎన్నిసార్లు?" అని అడిగాడట ఐలయ్య. అదే అతని ఇంటర్వ్యూ. ఈ కథ నిజమేనని నేను నమ్ముతాను, ఎందుకంటే అబద్ధం కల్పించేంత ఊహ ఆ మనిషికి లేదు.

ఆ పనిలో ఒకటే పెద్ద నియమం. డూప్ ముఖం ఇవ్వకూడదు. అంటే కెమెరాకి ముఖం కనబడకూడదు. కనబడితే అక్కడ పడింది హీరో కాదని తెలిసిపోతుంది, షాట్ చెత్తబుట్టలోకి పోతుంది, ఆ డూప్‌ని మళ్ళీ ఎవరూ పిలవరు. ముప్పై ఏళ్ళలో ఈ నియమం ఐలయ్య మెడలోకి దిగిపోయింది. మొన్న వానాకాలం మా బాత్రూం ముందు నాచు మీద జారినప్పుడు కూడా ముఖం గోడ వైపు తిప్పుకుని మరీ పడ్డాడు. నేను కళ్ళారా చూశాను.

అతని భార్య చిలకమ్మ. ఇంటి ముందు గదిలో కర్రీ పాయింటు నడుపుతుంది. ఐలయ్య పనిచేసిన ప్రతి సినిమాకి మొదటి రోజే వెళ్ళేది. "నువ్వేడున్నవ్?" అని చెవిలో అడిగేది. "గా ఎడమ దిక్కు, లారీ మీదికెళ్ళి పడేది నేనే" అని అతను చెప్పేవాడు. ఆమె వీపు చూసి గుర్తుపట్టి తృప్తిపడేది. కానీ వాడకట్టు ఊరుకోదు కదా. "మీ ఆయన సినిమాల్ల చేస్తడంటివి, ఒక్కపారన్న కనబడడేందమ్మా?" అని అడిగే మనిషి వారానికొకరు తగిలేవారు. ఒకరోజు నాకు పప్పు కవర్లో పోస్తూ చిలకమ్మ అంది, "సారూ, మీరు రైటరు గద. గీ మనిషి ముఖం ఒక్కపారి సినిమాల సూపియ్యరాదు? జర కన్ను కొట్టినంత సేపు సాలు." చూద్దాంలే అన్నాను. మా సినిమా వాళ్ళు ఆ మాట ఎలా అంటారో అలాగే అన్నాను. ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

చూద్దాంలే అనడానికి కూడా వేళ మించిపోతోందని ఆ తర్వాత తెలిసింది. ఫైట్ మాస్టరు ఐలయ్యని పిలిచి చెప్పేశాడు. "గీ సినిమా అయినంక ఇంట్ల ఉండు ఐలయ్యా. నీ మోకాళ్ళు సప్పుడు చేస్తున్నయ్, మైకుల వినబడతది." అంటే ఇదే చివరి సినిమా. ఇందులో కూడా వీపే పడితే ఇక ఆ ముఖం తెర మీదికి రాదు. ఐలయ్య ఆ సంగతి నాతో ఒక్కసారే అన్నాడు. "ముఖం లేకుంటనే రిటైరు అయితున్న సారూ" అని నవ్వాడు గానీ ఆ నవ్వు నాకు నచ్చలేదు.

ఆ చివరి సినిమాకి మాటలు రాసింది నేనే. కథ చెబుతాను. ఏడొందల ఏళ్ళ కిందట ఓరుగల్లు కోటకి కాపలా కాసే ఒక భటుడు కునికిపాట్లు పడుతూ దిగుడుబావిలో పడి, ఈ కాలపు అమీర్‌పేటలో మ్యాన్‌హోల్ మూత ఎత్తుకుని పైకి తేలతాడు. ఇక అక్కణ్ణుంచి అన్నీ పడటాలే. గాజు తలుపుకి గుద్దుకుని పడతాడు, ఎస్కలేటర్ చూసి పడతాడు, లిఫ్ట్ తలుపు మూసుకుంటే దానిమీద యుద్ధం ప్రకటిస్తాడు. భటుడి వేషం భార్గవ్‌ది. కామెడీలో ఇవాళ అతనికి మంచి పేరుంది. దర్శకురాలు మంజూష విజయవాడ నుంచి వచ్చిన అమ్మాయి, ఇదే మొదటి సినిమా. భార్గవ్ నవ్విస్తాడు, పడాల్సిన చోట ఐలయ్య పడతాడు, అదీ ఒప్పందం.

భటుడు మొదటిసారి రోడ్డు మీదికి వచ్చే సీన్‌కి నేను ఒక వాక్యం రాశాను. 'డాలు, ఈటె పట్టుకున్న భటుణ్ణి చూసి అమీర్‌పేట నివ్వెరపోతుంది.' పదిహేనేళ్ళుగా ఆ రోడ్డు మీద తిరుగుతున్నవాణ్ణి, ఏ బుద్ధితో రాశానో నాకే తెలియదు.

మంజూషకి ఆ వాక్యం తెగ నచ్చింది. జూనియర్ ఆర్టిస్టుల ఆశ్చర్యం వద్దు, నిజమైన జనం నిజంగా నివ్వెరపోవాలంది. ఒక సోమవారం పొద్దున్నే కెమెరాలు దాచిపెట్టాం. ఒకటి వ్యానులో, ఒకటి కొబ్బరిబోండాల బండిలో, మూడోది మెట్రో స్టేషన్ ఎస్కలేటర్ పైమెట్టు దగ్గర అట్టపెట్టెలో. ఎస్కలేటర్ మాకు ఆ ఒక్క పూటకే ఇచ్చారు, మధ్యాహ్నం పన్నెండు దాటితే మళ్ళీ దొరకదని ఖరాఖండిగా చెప్పారు. మంజూష, నేను, కో-డైరెక్టర్ మహిపాల్ వ్యానులో తెరల ముందు కూర్చున్నాం.

భార్గవ్ ఈటె పట్టుకుని బయటికొచ్చాడు. నివ్వెరపోవడం సంగతి దేవుడెరుగు, "అరే, భార్గవన్న!" అని ఎవరో అరిచారు. రెండు నిమిషాల్లో అతను కనబడకుండా పోయాడు. తెరల మీద సెల్‌ఫోన్లు తప్ప ఇంకేం లేవు. ముగ్గురు మనుషులు వెళ్ళి అతన్ని ఊడదీసుకొచ్చేసరికి పెట్టుడు మీసం సగం పోయింది. పదిన్నర అయింది.

"ఐలయ్యని పంపిద్దాం," అంది మంజూష. "కెమెరా ఆయన వీపు వైపే ఉంటుంది. మనక్కావాల్సింది జనం ముఖాలు. భార్గవ్ క్లోజప్‌లు తర్వాత సెట్లో తీసుకుందాం."

ఐలయ్యకి అదే వేషం కట్టారు. తలపాగాలో చిన్న ఇయర్‌ఫోన్ దాచారు. మహిపాల్ జాగ్రత్తలు చెప్పాడు. "ఏమైనా గానీ వేషం ఇడ్సిపెట్టకు. ఈ కాలం మాట ఒక్కటి మాట్లాడకు. ఎస్కలేటర్ మీద ఎదురుంగ కెమెరా ఉంటది, డాలు ముఖానికి అడ్డం పెట్టుకో. సమజైందా?" ఐలయ్య తలూపాడు.

ఏడొందల ఏళ్ళ కిందటి భటుడు అమీర్‌పేట రోడ్డు మీదికి వచ్చాడు. బస్సు హారన్ కొడితే ఎగిరిపడ్డాడు. ఫ్లెక్సీ మీది ముఖానికి వంగి దండం పెట్టాడు. ట్రాఫిక్ లైటు ఎర్రబడితే డాలు ఎత్తి దాక్కున్నాడు. చాలా బాగా చేస్తున్నాడు. జనం మాత్రం అతన్ని చుట్టుకుని పోతున్నారు, రోడ్డు మధ్య గుంతని చుట్టుకుని పోయినట్టు. బ్యాగు తగిలించుకున్న ఒకమ్మాయి ఆగి చెయ్యి చాచింది. "అన్నా, పాంప్లెట్ ఇయ్యవా?" వెనకాల ఇద్దరు కుర్రాళ్ళు, "ఏ ఇన్‌స్టిట్యూట్ అన్నా? డెమో క్లాసు ఫ్రీనా?" అన్నారు. ఒక పెద్దావిడ దగ్గరికొచ్చి చీరల షాపు డిస్కౌంటు ఎన్నిరోజులని అడిగింది. ఆటో అతను తల బయటపెట్టి, "రాజా, జర సైడు" అన్నాడు.

కోచింగ్ సెంటర్ల వాళ్ళు, చీరల షాపుల వాళ్ళు, బిర్యానీ హోటళ్ళ వాళ్ళు మనుషులకి నానా వేషాలు కట్టి ఆ రోడ్డు మీద నిలబెడతారు. అక్కడ ఈటె పట్టుకున్న భటుడంటే ఏదో కొత్త కోర్సు వచ్చిందని అర్థం. ఇది అమీర్‌పేటలో చిన్నపిల్లలకి కూడా తెలుసు. నాకు తెలియకుండా పోయింది.

మంజూష నావైపు తిరిగింది. "ఏంటి రైటర్ గారూ, నివ్వెరపోవడమంటే ఇదేనా?"

నేను కిటికీలోంచి బయటికి చూశాను. సరిగ్గా అప్పుడే అటు నుంచి ఒక ల్యాప్‌టాప్ నడుచుకుంటూ వచ్చింది.

స్పాంజితో చేసిన మనిషంత ల్యాప్‌టాప్. పొట్ట మీద కీబోర్డు, తల వెనక తెర, తెర మధ్య కంతలోంచి చెమటలు కారుతున్న ముఖం, చేతిలో పాంప్లెట్ల కట్ట. ఆ ముఖం పేరు రాఘవేందర్ అని తర్వాత తెలిసింది. అతను నేరుగా ఐలయ్య దగ్గరికొచ్చాడు.

"ఏయ్, ఎవలు నువ్వు? గీ మెట్రో పిల్లర్ మూడేండ్ల సంది నాది. ఎవర్నడిగి నిలబడ్డవ్? నీ రాజు వేషం గా పక్క పెట్టుకో పో!"

ఐలయ్య మాట్లాడకూడదు. వేషం వదలకూడదు. ఏడొందల ఏళ్ళ కిందటి భటుడికి మాట్లాడే ల్యాప్‌టాప్ ఎదురైతే ఏం చేస్తాడో అదే చేశాడు. దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు. వాసన చూశాడు. తర్వాత రబ్బరు ఈటెతో కీబోర్డు మధ్యలో మెల్లగా పొడిచాడు. రాఘవేందర్ "అబ్బా" అని నడుం దగ్గర వంగాడు. ల్యాప్‌టాప్ మూతపడింది.

రోడ్డంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. ఐలయ్య భయంతో వెనక్కి దూకి, కింద చెల్లాచెదురైన పాంప్లెట్ల మీద జారి, బోండాల బండి చక్రాల దాకా కూర్చునే వెళ్ళాడు. ల్యాప్‌టాప్ మళ్ళీ తెరుచుకుని, "ఇగ సూడు నీ సంగతి!" అంటూ తరిమింది. భటుడు డాలు వీపున వేసుకుని పరుగెత్తాడు. బస్టాపులో జనం లేచి నిలబడ్డారు. పాంప్లెట్ అడిగిన అమ్మాయి ఫుట్‌పాత్ మీద చతికిలబడి నవ్వుతోంది. మా మూడు తెరల మీదా నోళ్ళు తెరుచుకున్న ముఖాలే. నేను రాసిన వాక్యం నిజమైంది, అందులో నా గొప్ప ఏమీ లేకుండా.

ఐలయ్య ఎస్కలేటర్ ఎక్కాడు. దిగేదాన్ని చూసి ఎక్కాడు. కాళ్ళు ఎంత ఆడించినా మనిషి ఉన్నచోటే ఉన్నాడు. కింద నుంచి ల్యాప్‌టాప్ రొప్పుతూ వస్తోంది. నాలుగు మెట్లు గెలిచాడు, రెండు మెట్లు ఓడాడు, మోకాళ్ళ మీద పాకాడు, మెట్లకి దండం పెట్టి బతిమాలాడు. చివరికి పైకి చేరుతుండగా, వీపు మీంచి తీసిన డాలు చేతిలోంచి జారి గణగణలాడుతూ కిందికి పోయింది. ముఖానికి అడ్డం పెట్టుకోవాల్సిన డాలు.

అట్టపెట్టెలోని కెమెరా ఎదురుగా ఉంది. మూడో తెర మీద ఐలయ్య ముఖం పెద్దదవుతూ వచ్చింది.

"ముఖం తిప్పు! ఐలయ్యా, ముఖం తిప్పు!" మహిపాల్ మైకులో గొంతు చించుకున్నాడు.

మాట అతనికి చేరింది. మెడ కదలడం నేను చూశాను. ముప్పై ఏళ్ళ అలవాటు కదా, దానంతటదే పక్కకి వాలబోయింది. మధ్యలో ఆగింది. మళ్ళీ నిటారుగా వచ్చింది. ఐలయ్య కెమెరాలోకి చూశాడు. ఏ కాలంలో పడ్డాడో తెలియని వాడి బెదురు ఆ ముఖంలో ఉంది. దానితోపాటే, ఎక్కడ పడ్డా కాపలా కాపలాయే అన్న పట్టుదల ఉంది. చూస్తున్న నాకు నవ్వాగలేదు. అతను తీరిగ్గా మీసం సర్దుకున్నాడు. కదులుతున్న ఎస్కలేటర్‌కి శత్రురాజుకి చేసినట్టు వందనం చేశాడు. తర్వాత, ఆకాశం వైపు ముఖం పెట్టి, వెనక్కి పడ్డాడు. కిందనున్న ల్యాప్‌టాప్ స్పాంజి కాబట్టి ఇద్దరూ బతికారు.

పన్నెండు కావడానికి ఐదు నిమిషాలుంది. మళ్ళీ తీసే వీల్లేదు. మహిపాల్ వ్యాను దిగి పరుగెత్తుకెళ్ళాడు.

"ముఖమెందుకిచ్చినవ్? ముప్పై ఏండ్ల సంది చేస్తున్నవ్, తెల్వదా నీకు?"

"తెల్సు సార్."

"మరి?"

"తెలిసే ఇచ్చిన."

రాఘవేందర్ పక్కన కూర్చుని తన తెర సొట్ట సరిచేసుకుంటున్నాడు. మహిపాల్ "ఇంటికి పో, ఇగ రాకు" అన్నాడు. ఐలయ్య తలపాగా విప్పి, మడతపెట్టి ఇచ్చాడు. మా వ్యాను ఎక్కలేదు. యూసుఫ్‌గూడ దాకా నడిచే వెళ్ళాడు. భార్యకి చెప్పలేదు. రెండు రోజులు కర్రీ పాయింటులో ఉల్లిగడ్డలు కోస్తూ కూర్చున్నాడు. నేను మేడ దిగినప్పుడల్లా తల ఎత్తేవాడు, నేను గబగబా వీధిలోకి నడిచేవాణ్ణి. పిరికితనమే, ఇంకో పేరు పెట్టను.

మూడో రోజు శ్రీనగర్ కాలనీలో ఎడిటింగ్ రూములో కూర్చున్నాం. "ఐలయ్య ముఖమున్నంత మేర కోసేద్దాం, భార్గవన్న క్లోజప్ అతికిద్దాం" అన్నాడు మహిపాల్. భార్గవ్ ముందు మొత్తం వెయ్యమన్నాడు. మీసం సర్దుకునే చోట పగలబడి నవ్వాడు. మళ్ళీ వెయ్యమన్నాడు. మూడోసారి నవ్వలేదు.

"నా సినిమాల నాకంటె మంచిగ ఈయన చేస్తుండేంది?" అన్నాడు. కోపంగానే అన్నాడు. కుర్చీలోంచి లేచి రెండుసార్లు అటూ ఇటూ తిరిగాడు. "నేను సెట్ల నిలబడి గీ ముఖం పెట్టాలంటే నాతోని కాదు. అతికిస్తే అతుకు కనబడతది." ఇంకోసారి తిరిగి నా ముందు ఆగాడు. "రైటర్ సార్, బావిల ఒక్కడే పడాల్నని రూలుందా?"

లేదు. అంత తేలిక సంగతి నాకెందుకు తట్టలేదో. కాపలా వదిలి పారిపోయిన భటుణ్ణి పట్టుకోవడానికి కోట దళపతి కూడా అదే బావిలోకి దూకుతాడు. అమీర్‌పేటలో తేలేది ముందు దళపతే. మంజూష బల్ల మీద చరిచి లేచింది. "ఐలయ్య గారు దళపతి! ల్యాప్‌టాప్ ఆయన్ని కూడా పట్టుకురండి!" భార్గవ్ ఒక్క షరతు పెట్టాడు. "ఇగ తీసే ప్రతి దళపతి సీన్ల నేను సుత ఉంట. పక్కన్నన్న నిలబడ్త." మధ్యాహ్నానికల్లా పదకొండు నిమిషాల వేషం రాసి ముగించాను. ఆ కాగితాలు పట్టుకుని నేనే యూసుఫ్‌గూడ వచ్చాను, ఫోన్ చెయ్యబుద్ధి కాలేదు.

ఐలయ్య నన్ను చూసి కత్తిపీట పక్కన పెట్టాడు. "ఫైటర్ల యూనియన్ కార్డు వాపస్ ఇయ్యాల్నా సారూ?" అన్నాడు. అప్పుడే చిలకమ్మకి ఏదో జరిగిందని అర్థమైంది. "ఏం చేసినవ్?" అని అరిచింది.

ఏం చేశాడో నేను చెప్పాను. తర్వాత కాగితాలిచ్చాను. ఐలయ్య చేతులు లుంగీకి తుడుచుకుని వాటిని అందుకున్నాడు. చిలకమ్మ మాత్రం అసలు సంగతే అడిగింది.

"ముఖముంటదా?"

"ఉంటుంది."

"ఎంతసేపు?"

"పదకొండు నిమిషాలు. మాటలు కూడా ఉన్నాయి."

ఆమె పప్పు గిన్నె మూత పెట్టి అక్కడే నేలమీద కూర్చుంది. గిరాకీ వచ్చి పిలిస్తే, "ఇయ్యాల దుకాణం బందు" అంది.

సినిమా శుక్రవారం విడుదలైంది. పంజాగుట్టలో మాల్ పైనున్న థియేటరు, మధ్యాహ్నం ఆట. మేం పిలిస్తే రాఘవేందర్ కూడా వచ్చాడు, మామూలు చొక్కాలో ముందు నేను గుర్తుపట్టలేదు. చిలకమ్మ నాకూ ఐలయ్యకూ మధ్య కూర్చుంది. మ్యాన్‌హోల్ మూత లేచింది. తలపాగా వచ్చింది, తర్వాత గోడంత ఐలయ్య ముఖం వచ్చింది. చిలకమ్మ కుర్చీ చెయ్యి గట్టిగా పట్టుకుంది. ల్యాప్‌టాప్ మూతపడ్డప్పుడు థియేటరు ఊగిపోయింది. ఎస్కలేటర్ మీద దళపతి మెట్లని బతిమాలుతుంటే నా ముందువరుస మనిషి నవ్వలేక కడుపు పట్టుకున్నాడు. అక్కడిదాకా బిగబట్టుకున్న చిలకమ్మ ఒక్కసారిగా లేచి నిలబడింది.

"మా ఆయన!" అంది. "గాయన మా ఆయన!"

వెనక నుంచి ఎవరో కూర్చోమన్నారు. ఆమె కూర్చోలేదు. ఐలయ్య చెయ్యి పట్టి లాగుతున్నా కూర్చోలేదు. దళపతి వందనం చేసి, ఆకాశం వైపు ముఖం పెట్టి వెనక్కి పడేదాకా నిలబడే చూసింది. ఈలలు, చప్పట్లు. ఇంటర్వెల్ లైట్లు వెలిగేసరికి రెండు వరుసల జనం మావైపే తిరిగి ఉన్నారు. "అరె, దళపతి ఈడనే ఉన్నడు!" అని ఒకడు కుర్చీల మీదుగా వచ్చేశాడు. ఫోన్లు లేచాయి. రాఘవేందర్ ఒకవైపు, నేను ఒకవైపు నిలబడి తోపులాట ఆపాం. జీవితంలో నేను చేసిన పనుల్లో అంత గర్వంగా చేసింది ఇంకోటి లేదు.

ఆ సందడిలో ముందువరుసలోంచి ఒకామె, ఒళ్ళో కూరగాయల సంచి పెట్టుకున్న మనిషి, మెల్లగా ఇటు తిరిగింది. నవ్వీ నవ్వీ కళ్ళు తడిగా ఉన్నాయి. ఐలయ్య ముఖంలోకి కాసేపు చూసి అడిగింది.

"అంత పైకెళ్ళి ఎనకకు పడ్డరు గద అన్నా, దెబ్బ తాకలేదా?"

ఐలయ్య ముప్పై ఏళ్ళు ఎన్ని ఊళ్ళలో ఎంతమంది చూస్తుండగా పడ్డాడో. అక్కడ పడింది ఒక మనిషని ఎవరికీ తెలియలేదు కాబట్టి ఎవరూ అడగలేదు.

"తాకింది చెల్లె," అన్నాడు నవ్వుతూ. "మస్తు తాకింది."